అదనునకందని అప్పు

(గూడూరు పఠనమందిర సభలో ఒక న్యాయవాది కావించిన ఉపన్యాసపాఠము)



గ్రామసీమలందలి చిన్న వ్యాపారములకు ప్రభుత్వము లొసగు ప్రోత్సాహములను గూర్చియు, చిల్లర ఋణములను గూర్చియు ప్రసంగింపుమని మీరు నన్ను కోరితిరి. పథకముల పేళ్లు ఏకరువు పెట్టుట సులభము. ప్రభుత్వము మారినపుడెల్ల పేరు మారును. పేరు మారినపుడెల్ల గోడమీది రంగు మారును. ఆ పట్టికను మీకు వినిపించి కూర్చుండుట నా యుద్దేశము కాదు. అప్పు ఎంత యిచ్చిరి అను ప్రశ్న మన దేశమున నూరేండ్లకు పైబడి అడుగుచునే యున్నాము. ఎప్పు డిచ్చిరి, ఎప్పుడు తిరిగి యడిగిరి, ఇచ్చుటకు నిర్ణయించినవా రెవరు అను మూడు ప్రశ్నలు అడిగినవారు అరుదు. చిన్న వ్యాపారి చితికిపోవుట తరచుగ ఈ మూడింటివలననే గాని, మంజూరైన మొత్తము చాలకపోవుటవలన గాదని నా మనవి.

మన యూరి నిమ్మకాయల మార్కెట్టునే చూడుడు. గూడూరు నిమ్మ యనిన ఢిల్లీ వర్తకులకు సైతము తెలిసిన సరుకు. చుట్టుపట్ల తోటలనుండి బస్తాలు వచ్చును. ఏరి, సైజులు విడదీసి, లారీల కెత్తి ఉత్తరదేశమునకు పంపుదురు. వేసవిలో ఎండతోపాటు ధరయు పెరుగును. వానలు పడి చల్లబడినంతనే అదే కాయకు కోతకూలియు లారీబాడుగయు గిట్టిన చాలునని రైతు మ్రొక్కుకొను దినములు వచ్చును. 2022 వేసవిలో నిమ్మధర దేశమంతట పెరిగి పత్రికల కెక్కిన సంగతి మీకు జ్ఞాపక ముండును. అట్టి వేసవిలో పదునైదు దినములపాటు చేతిలో రొక్కము నిలుపుకొనగలవాడు నాలుగు రూపాయలు కండ్ల జూచును. నిలుపుకొనలేనివాడు పెద్ద వర్తకునికడ కూలివాడుగా మిగులును. తోటరైతు సంగతియు నంతియే. పూత దశలో ఎరువునకు, నీటికి బయానా పుచ్చుకొన్నవాడు, కాయ దిగినపుడు ఆ బయానా యిచ్చినవాని కాటాకే తేవలయును. ధర చెప్పు హక్కు ఆ బయానాతోనే చేయి మారినది.

ఈ చిన్న వర్తకునకు కావలసినది మూడేండ్ల అప్పు గాదు. ఫాల్గుణ చైత్రములందు చేతికి వచ్చి, సరుకు అమ్ముడుపోయి పైకము తిరిగివచ్చినపుడు తీరిపోయి, మరుసటి యేట అడిగినంతనే మరల లభించు అప్పు కావలయును. అతనికి దొరకుచున్నదేమి? మాఘమున దరఖాస్తు పెట్టినచో శ్రావణమున మంజూరు. అప్పటికి ధర పడిపోయినది. వచ్చిన సొమ్ము పాతబాకీకో, ఇంటిమీది రేకులకో, బిడ్డ పెండ్లికో పోవును. వచ్చు నెలనుండి నెలనెలకు సమానమైన వాయిదా. నిమ్మచెట్టునకు నెలజీతము లేదు. దానిపై బ్రదుకువానికి నెలవాయిదా కట్టిన బుద్ధిమంతు డెవరో గాని, తోటలో ఒక్కదినమైనను నిలిచి చూచినవాడు గాడు. రెండు వాయిదాలు తప్పినంతనే, చిన్నవారు ఎగవేతదారులను అపవాదు సిద్ధముగ నుండును.

బ్యాంకు తలుపు తెరువని దినములలో వ్యాపారి యెక్కడికి పోవును? దినసరి ఫైనాన్సువాని కడకు. ఆ లెక్క మీలో పలువురెరుగుదురు. పదివేల కాగితము వ్రాయించుకొని తొమ్మిదివేలు చేతిలో పెట్టుదురు. దినమునకు నూరు చొప్పున నూరు దినములు వసూలు చేయుదురు. ‘తొమ్మిదివేలకు వెయ్యి రూపాయలే గదా వడ్డి’ యని మన తల్లులు తలపోయుదురు. కాని మొదటి దినమునుండియే అసలు తరుగుచున్నది గదా! తరుగుచున్న అసలుపై లెక్కవేసిన ఆ వడ్డి ఏటికి నూటికి 77 రూపాయలు దాటును. మన వాడుకలో చెప్పవలెననిన నెలకు ఆరు రూపాయల నలుబది పైసలకు పైబడిన వడ్డి. బ్యాంకు వడ్డి ఏటికి నూటికి 12 అనుకొన్నను అది రూపాయి వడ్డియే. రూపాయి వడ్డిని కాదని ఆరు రూపాయల వడ్డికి పోవు స్త్రీ లెక్క తెలియనిది కాదు. తెల్లవారుజామున కాయగూరల టోకు బజారునకు పోవలసినదానికి తెల్లవారకమునుపే సొమ్ము కావలయును. ఆమె అంత వడ్డి చెల్లించుచున్నది ఆ అదనుకొరకే. ఈ సంగతి గ్రహింపని పథక మేదియు ఆమెకు ఉపయోగపడదు.

న్యాయవాదవృత్తిలో నున్నవాడ నగుటచే ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. పూర్వము అప్పునకు ప్రాంసరీనోటు వ్రాయించుకొనెడివారు. మూడేండ్ల కాలపరిమితి, సివిలు దావా, అంతటితో సరి. ఇప్పుడు సంతకము మాత్రము చేసిన ఖాళీ చెక్కులు పుచ్చుకొనుచున్నారు. నెగోషియబుల్ ఇన్స్ట్రుమెంట్ల చట్టమున 1988లో చేర్చిన నిబంధనలలోని 138వ సెక్షను ప్రకారము చెక్కు చెల్లనిచో అది క్రిమినలు నేరము. రెండేండ్లవరకు కారాగారము, చెక్కు మొత్తమునకు రెండింతలవరకు జరిమానా విధింపవచ్చును. ఖాళీ చెక్కుపై సంతకము చేసి యిచ్చినను, అది బాకీ నిమిత్తమే యిచ్చినదను చట్టపు టూహ వర్తించునని 2019లో సుప్రీంకోర్టు చెప్పినది. ఆ యూహను ఖండించు భారము సంతకము చేసినవానిదే. ఇరువదివేల రూపాయల చేబదులునకు రెండు లక్షల అంకె వేసిన చెక్కు కోర్టున దర్శనమిచ్చినపుడు, ఇడ్లీ అంగడి నడుపు ముసలమ్మ యేమి సాక్ష్యము తేగలదు? చిల్లర అప్పు కారాగారపు గడపవరకు తీసికొనిపోవు వస్తువైనది. ఇది చదువుకొన్నవారు ఊరకుండదగిన విషయము కాదు.

ఈ చిక్కు నేటిది గాదు. సర్ ఫ్రెడరిక్ నికల్సన్ మదరాసు ప్రభుత్వపు టాజ్ఞపై వ్యవసాయ బ్యాంకులను గూర్చి విచారించి 1895లోను 1897లోను నివేదికలు సమర్పించెను. జర్మనీలో రైఫైజెన్ అను గ్రామాధికారి నెలకొల్పిన పరపతి సంఘములను ఆయన పరిశీలించెను. వానిలోని కిటుకు ఒక్కటే. సంఘపు పరిధి ఒక గ్రామము. అప్పు అడుగువాని నడత ఇచ్చువారికి పుట్టుకనుండి తెలియును. ఎగవేసిన నష్టము అందరి నెత్తిన పడును గనుక అందరును కనిపెట్టియుందురు. దాని ననుసరించి 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. అయినను, రిజర్వు బ్యాంకు 1951–52లో జరిపించి 1954లో ప్రకటించిన గ్రామీణ పరపతి పరిశీలనలో తేలినదేమి? గ్రామీణులు చేసిన అప్పులో ప్రభుత్వము, సహకార సంఘములు, వాణిజ్య బ్యాంకులు మూడును కలిసి యిచ్చినది నూటికి ఏడెనిమిది పాళ్లు. వడ్డీవర్తకు లిచ్చినది ఇంచుమించు డెబ్బది పాళ్లు. ఏబది సంవత్సరముల సహకారోద్యమ ఫలమది! సంఘములు గ్రామమునకు దిగిరాక, గ్రామమును కాగితముమీద నెక్కించుకొనుటయే యిందులకు చాలవరకు కారణమని నా యభిప్రాయము.

1969 జూలైలో పదునాలుగు పెద్ద బ్యాంకులు జాతీయము లైనవి. 1975లో ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు పుట్టినవి. వాని యుద్దేశమే ప్రాంతము: మన జిల్లా మాట మాటలాడు ఉద్యోగి, మన పంటకాల మెరిగిన మేనేజరు. నెల్లూరు జిల్లాకు పినాకినీ గ్రామీణ బ్యాంకు ఉండెడిది. 2006లో అది కడప ప్రధాన కార్యాలయముగాగల ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో లీనమైనది. 2025 మే నెలలో రాష్ట్రమందలి గ్రామీణ బ్యాంకు లన్నియు కలిసి అమరావతి కేంద్రముగ ఒకే బ్యాంకైనవి. కలయికవలన మూలధనము బలపడు ననుమాట కాదనను. కాని పెన్న యొడ్డున నుండిన నిర్ణయము కడపకు, కడపనుండి కృష్ణ యొడ్డునకు పోయినదనుటయు నిజమే గదా! బోర్డుమీది ‘గ్రామీణ’ శబ్దము మాత్రము చెక్కు చెదరలేదు. జిల్లా కచేరీల సంగతియు నిట్టిదే. 2022 ఏప్రిలులో తిరుపతి జిల్లా ఏర్పడి గూడూరు అందులో చేరినపుడు, నెల్లూరి దారి పట్టెడి దరఖాస్తులు అంతకు రెండింతలకు పైబడిన దూరమున నున్న తిరుపతి దారి పట్టవలసివచ్చినది. సరిహద్దులు ఎటు గీసినను, వ్యాపారి అంగడి మూసికొని బస్సెక్కిన ప్రతిదినమును అతనికి నష్టమే.

ఇక సబ్సిడీ. 1980లో దేశమంతటికి విస్తరింపజేసిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకమునాడు గేదెలు పంచిరి. ఒకే గేదె పలువురి లెక్కలలో దర్శనమిచ్చెడిదని ఆనాటివారు నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. 2008లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకము అంతకంటె జాగ్రత్తగా కట్టినది. 2022 సవరణ ప్రకారము ఉత్పత్తి పరిశ్రమకు 50 లక్షలవరకు, సేవావృత్తికి 20 లక్షలవరకు వ్యయముగల ప్రణాళికలను అంగీకరించిరి. పల్లెలో సాధారణ వర్గములవారికి వ్యయములో నూటికి 25 పాళ్లు, స్త్రీలు మొదలగు ప్రత్యేక వర్గములవారికి 35 పాళ్లు సబ్సిడీ. ఆ సబ్సిడీ సొమ్మును బ్యాంకులోనే మూడేండ్లు నిలువ యుంచి, పరిశ్రమ నడచుచున్నదని తేలిన పిమ్మట అప్పులో జమకట్టుదురు. మంచిదే. కాని దీని గుణ మేమన, పెద్ద ప్రణాళిక వ్రాసినవానికి పెద్ద సబ్సిడీ. రెండు లక్షలతో పచ్చళ్ల పరిశ్రమ పెట్టదలచిన గృహిణికి, ఇరువది లక్షల యంత్రములు వ్రాసినగాని గిట్టదని బోధించు మధ్యవర్తులు పుట్టుదురు. యంత్రము వచ్చును, కాయలు కొనుటకు చేతిలో పైకముండదు. గోనెపట్టా కప్పుకొని నిద్రించు యంత్రములను మీరును చూచియుందురు. అప్పు తీర్చు శక్తిని బట్టిగాక, సబ్సిడీ వచ్చు పరిమాణమును బట్టి వ్యాపారమును తలపెట్టుట తలక్రిందుల పని.

వెంకటగిరి దూరము లేదు. అచట మగ్గమున కూర్చుండువానికి నూలు, జరీ ముందుగ నిచ్చి, చీర తెగినపుడు మజూరి లెక్కగట్టు పెద్దవర్తకుడే నేటికిని దిక్కు. నేతపనివాడు అతనిని తిట్టుకొనును, అతని యింటికే పోవును. ఆ వర్తకుడు నూలు ఈ దినమే యిచ్చును గనుక.

మరి యీ గడ్డమీద సఫలమైన ప్రయత్నమే లేదా? ఉన్నది. దేశమునకు నేర్పినది మన నెల్లూరు సీమయే. 1991లో ఈ జిల్లాయందు అక్షరాస్యతోద్యమము జరిగెను. రాత్రిబడులలో అక్షరములు దిద్దిన స్త్రీలు సారాయి అంగళ్లపై తిరుగబడిరి. దూబగుంట రోశమ్మ పేరు మారుమ్రోగినది. 1993 అక్టోబరున రాష్ట్రమంతట సారాయి నిషేధము వచ్చెను. సారాయికి పోవు దినపు రూపాయిని మిగుల్చుకొని, ఆ స్త్రీలే పదుగురు పదునైదుగురు జట్టుగ కూడి, దినమునకు రూపాయి చొప్పున దాచుకొన నారంభించిరి. అదియే పొదుపులక్ష్మి. నాబార్డువారు 1992లో ఐదువందల సంఘములతో బ్యాంకు అనుసంధానమును పరీక్షార్థముగ తలపెట్టియుండిరి. పొదుపునకు సమానము మొదలు నాలుగింతలవరకు అప్పు, తనఖా లేకుండ. సాయంకాలము చెట్టుక్రింద కూర్చున్న పది మందిలో ఎవరికి ఎప్పుడు ఎంత కావలయునో, ఎవరి మగడు తెచ్చిన సొమ్మును తగలబెట్టునో, ఎవరి చేయి నికరమైనదో ఎవరును ఎవరికిని చెప్పనక్కరలేదు. రైఫైజెన్ గ్రామమున ఫలించిన సూత్రమే మన పల్లెలో, ఆతని పేరైన విననివారి చేతులలో, ఫలించినది.

తరువాత నేమైనది? 2000లో వెలుగు వచ్చెను. 2004 తరువాత పావలా వడ్డి, అనగా ఏటికి నూటికి మూడు. 2012నుండి వడ్డిలేని ఋణములు. పల్లెపడుచు బ్యాంకు మెట్లెక్కుట నేర్చినది. ఈ మేలు తక్కువది గాదు. కాని అప్పు లక్ష్యముగ మారినది. పది మంది సంఘమునకు పది లక్షలు మంజూరైన, తలకు లక్ష చొప్పున సరిసమానముగ పంచుకొనుచున్నారు. అంగడి పెట్టినదానికి మూడు లక్షలు కావలెను, చాలదు. ఏమియు అక్కరలేని ఆమె తన వంతును బయట రెండు రూపాయల వడ్డికి త్రిప్పును. చెట్టుక్రింద జరిగెడి చర్చ లేకపోయినది. సంతకముల పుస్తకము మిగిలినది.

ఈ సందున సూక్ష్మఋణ కంపెనీలు ప్రవేశించినవి. బంగ్లాదేశమున మహమ్మద్ యూనస్ 1976లో జోబ్రా గ్రామమున నలుబది యిద్దరికి చేబదు లిచ్చి ప్రారంభించిన పద్ధతి, 2006లో ఆయనకును గ్రామీణ బ్యాంకునకును నోబెల్ బహుమానము తెచ్చిన పద్ధతి, ఇచట లాభాపేక్షగల కంపెనీల చేతిలో పడి వారవారపు వసూలుగా మారెను. ఒకే స్త్రీకి నాలుగు కంపెనీల అప్పు. ఒకటి తీర్చుటకు మరియొకటి. ఆత్మహత్యలు జరిగెను. 2010 అక్టోబరున రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. 2011లో అది చట్టమైనది. అసలును మించి వడ్డి పుచ్చుకొనరాదని అందు విధించిరి. 1938నాటి మదరాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమున, అసలునకు రెండింతలు చెల్లించినవాని బాకీ తీరినట్లేయని యుండెను. డెబ్బది యేండ్ల తరువాత అదే నియమము మరల వ్రాయవలసివచ్చినది! వసూలు నెలనెల, పంచాయతీ కార్యాలయముననో కలెక్టరు చూపిన బహిరంగస్థలముననో జరుగవలెనని మరియొక నియమము. ఇంటిగుమ్మమున నిలిచి అవమానించు ఆచారమునకు అది తగిన మందు. కాని మందు వేసినవారు ఆకలికి అన్నము చూపలేదు. కంపెనీల వసూళ్లు స్తంభించినవి, అప్పులును స్తంభించినవి. బ్యాంకు ముందుకు రాలేదు. ఖాళీయైన పీటమీద దినసరి ఫైనాన్సువాడు కూర్చుండెను.

2020 జూనులో, మహమ్మారి కాలమున, వీధివర్తకులకొరకు కేంద్రమువారు ప్రారంభించిన స్వనిధి పథకము చిన్నదే గాని నాకు నచ్చినది. మొదట పదివేలు, తీర్చినవానికి ఇరువదివేలు, అదియు తీర్చినవానికి ఏబదివేలు. 2025లో మొదటి రెండు మెట్లను పదునైదువేలకు, ఇరువదియైదువేలకు పెంచిరి. సకాలమున తీర్చినవానికి వడ్డిలో ఏడు పాళ్లు తిరిగివచ్చును. తీర్చినవానికి మరల వెంటనే దొరకుననుటయే నిజమైన ప్రోత్సాహము. ఎగవేయువానికి ముందే ఇచ్చు సబ్సిడీకంటె, తీర్చువానికి తరువాత నిచ్చు అప్పు మేలు. ఇందులకు పురపాలక సంఘపు గుర్తింపు పత్రము గాని సిఫారసు గాని ముఖ్యాధారము. అనగా తాళపుచెవి మన యూరిలోనే యున్నది.

స్థానిక స్వపరిపాలన సంస్థలు ఏమి చేయగలవని అడుగువారు గలరు. 1992నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చిన పదునొకండవ షెడ్యూలులో ఇరువదితొమ్మిది విషయములు పంచాయతీలకు చూపబడినవి. చిన్న పరిశ్రమలు, ఖాదీ గ్రామపరిశ్రమలు, సంతలు, బజారులు అన్నియు నందున్నవి. అధికార మిచ్చుట మాత్రము రాష్ట్రముల దయకు వదలిరి. దయ యింకను పూర్తిగ గలుగలేదు. అది గలుగువరకు ఊరకుండనక్కరలేదు. వీధివర్తకుల చట్టము 2014లో వచ్చినది. పట్టణ వీధివర్తక సంఘమున నూటికి నలుబదిమందికి తక్కువగాక వర్తకుల ప్రతినిధులే యుండవలెను. వారిలో మూడింట నొకవంతు స్త్రీలు. లెక్కతీసి పత్రము లిచ్చువరకు ఎవనిని తొలగింపరాదు. రోడ్డు వెడల్పు నెపమున తోపుడుబండిని లారీలో వేసికొనిపోవు ప్రతిపర్యాయము ఆ పత్ర మెక్కడ, ఆ సంఘము కూడిన దెప్పుడు అని అడుగు హక్కు మనకు గలదు. బండిపోయినవానికి అప్పిచ్చి ప్రయోజన మేమి?

వేరొక సంగతి. కార్యాలయములకు విస్తరాకులు, బల్లలు, ముద్రణ, వెల్డింగు పనులు చేసియిచ్చు చిన్నవారి బిల్లులు నెలలు నిలిచిపోవుచున్నవి. 2006నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ప్రకారము, నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారునకు 45 దినములలోపల చెల్లింపవలెను. మించినచో బ్యాంకు రేటునకు మూడింతల వడ్డి, నెలనెల చక్రవడ్డి. కార్యాలయములును దీనికి లోబడినవే. అప్పిప్పింతుమని సభలు జరుపు కార్యాలయము తానే బాకీదారుగ నుండుట విడ్డూరము. ముందు బిల్లు చెల్లించినచో ఆ వడ్రంగికి అప్పే అక్కరలేకపోవచ్చును.

బ్యాంకులవారికి నా మనవి యింతియే. నిమ్మవర్తకునకు, పచ్చళ్లు చేయు ఇల్లాలికి నెలవాయిదా అప్పు వలదు. నగదు పరపతి పద్ధతిన హద్దు నిర్ణయించి, కావలసినపుడు తీసికొని, అమ్మినపుడు కట్టనిండు. చిన్న సంస్థలకు పది లక్షలలోపు అప్పునకు తనఖా అడుగరాదని 2010లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఇంటి పత్రములు తెమ్మను మాట ఇకనైన మానుడు. దరఖాస్తును త్రోసివేసినచో కారణము వ్రాతమూలకముగ నిండు. నోటిమాటపై ఏ కోర్టును అప్పీలు వినదు.

ఈ మందిరపు పెద్దల యనుమతితో నేనును మరి యిద్దరు న్యాయవాది మిత్రులును ప్రతి ఆదివారము ఉదయము తొమ్మిదినుండి పదునొకండువరకు ఇచటనే కూర్చుండుటకు నిశ్చయించుకొంటిమి. అప్పుకాగితముపై సంతకము పెట్టబోవువారు పెట్టకమునుపే దానిని తెచ్చి చదివించుకొనవచ్చును. వీధివర్తకుల పత్రములు రానివారు, బిల్లులు నిలిచిపోయినవారు తమ రసీదులు తీసికొనిరావలెను. రుసుము లేదు. ఖాళీ చెక్కు లిచ్చివేసినవారు ఆ చెక్కుల నెంబర్లను బ్యాంకు పుస్తకమునుండి వ్రాసికొని తెచ్చిన మేలు.